డిస్కు నాసిరకంగా ఉంటే సినిమాకు హక్కుదారు లేనట్టేనా?

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటాం. 1985లో వచ్చిన ‘క్రీచర్’ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ సినిమా అంటే నాకు చాలా ఇష్టం. గత ఏడాది రెండు వేర్వేరు కంపెనీల డీవీడీలు కొన్నాను. రెండింట్లోనూ బొమ్మకు రెండు పక్కలా కోసేశారు. చీకటి సీన్లలో తెర మీద ఎవరున్నారో కూడా తెలియడం లేదు. పైగా ఒకదాని అట్ట మీద ‘వైడ్‌స్క్రీన్, డిజిటల్లీ రీమాస్టర్డ్’ అని ఉంది! ఇప్పుడు ఒక కలెక్టర్ దగ్గర 35 ఎం.ఎం. ప్రింటు దొరికింది. దాన్ని కొని, స్కాన్ చేయించి, రంగులు సరిచేసి, తెలుగు సబ్‌టైటిల్స్‌తో యూట్యూబ్‌లో ఉచితంగా పెడదామనుకుంటున్నాను. ఇన్ని చౌక కంపెనీలు అమ్ముతున్నాయంటే అది పబ్లిక్ డొమైన్‌లో, అంటే ఎవరి హక్కూ లేకుండా అందరూ వాడుకోగలిగేలా, ఉన్నట్టే అని స్నేహితులు అంటున్నారు. నిజమేనా? హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఒక కాపీ పంపవచ్చా?

జవాబు: ప్రింటు కొనుక్కోండి, అందులో తప్పేమీ లేదు. యూట్యూబ్‌లో మాత్రం పెట్టకండి. మీ స్నేహితులు చెప్పిన కారణం చట్టం ముందు నిలవదు.

మీ బాధ నాకు అర్థమవుతుంది. విలియం మాలోన్ తీసిన ఈ సినిమా కథ శనిగ్రహం చుట్టూ తిరిగే టైటన్ మీద జరుగుతుంది. జర్మన్ నటుడు క్లాస్ కిన్‌స్కీ ఇందులో ఉన్నాడు. ఎఫెక్ట్స్ పనిచేసిన స్కోటాక్ సోదరుల్లో రాబర్ట్, మరుసటి ఏడాది వచ్చిన ‘ఏలియన్స్’కు ఆస్కార్ అందుకున్నాడు. తక్కువ డబ్బుతో అంత శ్రద్ధగా తీసిన సినిమాను బురదనీళ్లలోంచి చూసినట్టు చూడాల్సి రావడం అన్యాయమే. కానీ డిస్కు చెడ్డగా ఉండటం వేరు, సినిమా మీద హక్కు లేకపోవడం వేరు.

చౌక డిస్కులను చూసి ఎందుకు మోసపోతామంటే, ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ లాంటి ఉదాహరణ ఒకటి అందరికీ గుర్తుంటుంది. 1968లో ఆ సినిమా పేరు మార్చినప్పుడు టైటిల్ కార్డుతో పాటు కాపీరైట్ నోటీసు (హక్కు ఎవరిదో తెలిపే ప్రకటన) కూడా ఎగిరిపోయింది. అప్పటి చట్టం ప్రకారం నోటీసు లేకుండా విడుదలైతే హక్కు పోయినట్టే. అందుకే దాన్ని ఎవరు పడితే వాళ్లు అమ్ముకున్నారు. మీ సినిమా నాటికి చట్టం మారిపోయింది. 1978 జనవరి 1 నుంచి 1989 ఫిబ్రవరి ఆఖరు వరకు విడుదలైన వాటికి కూడా నోటీసు ఉండాల్సిందే. అయితే పొరపాటున అది పడకపోయినా, ఐదేళ్లలోపు కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేసి, లోపం తెలిశాక అమెరికాలో అమ్మే మిగతా కాపీల మీద నోటీసు వేయించడానికి తగిన ప్రయత్నం చేస్తే హక్కు నిలిచేది. పాత సినిమాలకు ఉన్న రెన్యువల్ గొడవ, అంటే గడువు తీరాక హక్కును మళ్లీ పొడిగించుకోవాల్సిన పని, కూడా వీటికి లేదు. ఒక కంపెనీ కోసం ఉద్యోగులతో, కాంట్రాక్టు మీద తీయించిన 1985 నాటి సినిమాకు విడుదలైన నాటి నుంచి 95 ఏళ్ల రక్షణ ఉంటుంది. అంటే అది 2080 డిసెంబర్ 31 దాకా నడుస్తుంది. నోటీసు లేదని, ఆ లోపాన్ని సరిచేయలేదని రుజువయ్యే దాకా హక్కు ఉన్నట్టే అనుకుని నడుచుకోవడం మీకు క్షేమం.

మరి అన్ని కంపెనీలు ఎలా అమ్మాయి? ఎనభైల్లో చిన్న సినిమాల హక్కులు వీడియోకు ఒకరికి, టీవీకి ఒకరికి, విదేశాలకు ఇంకొకరికి ముక్కలుగా అమ్ముడయ్యేవి. తర్వాత ఆ కంపెనీలు చాలావరకు మూతపడ్డాయి. కంపెనీ మూతపడినంత మాత్రాన హక్కు గాలిలో కలిసిపోదు. దివాలా తీస్తే అది కూడా ఆస్తిలాగే ఇంకొకరి చేతికి పోతుంది. ఆ కొత్త యజమాని పట్టించుకోని రోజుల్లో కొందరు చిన్న లైసెన్సుతో, ఇంకొందరు ఏ లైసెన్సూ లేకుండా వీహెచ్ఎస్ టేపు నుంచే డిస్కులు కొట్టి అమ్ముతారు. పక్కవాడు అమ్మాడు కాబట్టి నేనూ పెట్టాను అన్న మాట కోర్టులో పనికిరాదు.

ప్రింటు సంగతికి వస్తే, రీలు మీ సొంతమవుతుంది, సినిమా కాదు. రీలును అమ్ముకోవచ్చు, దాచుకోవచ్చు, ఇంట్లో వేసుకుని చూడవచ్చు. దాన్నుంచి కాపీ తీయడం, జనానికి చూపించడం హక్కుదారు చేతిలో ఉంటాయి. తెలుగు సబ్‌టైటిల్స్ అనువాదం కిందికి వస్తాయి కాబట్టి వాటికీ అనుమతి కావాలి. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అనుమతి లేకుండా ఎన్ని నెలలు కూర్చుని రంగులు సరిచేసినా, ఆ పని మీద మీకు కాపీరైట్ రాదు. రేపు ఎవరైనా మీ వెర్షన్ దించుకుని అమ్ముకుంటే మీరు ఆపలేరు. మీ కష్టానికి ఈ గతి పట్టకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఉచితంగా పెడుతున్నాను కదా అంటారు. అది మీ పక్షాన ఒక మాట అవుతుంది, అంతే. సినిమా మొత్తం పెట్టినప్పుడు ఫెయిర్ యూజ్ (అనుమతి లేకుండా కొంత వాడుకోవడానికి చట్టం ఇచ్చే వెసులుబాటు) అనిపించుకోవడం చాలా కష్టం. పైగా ఈ సినిమాకు మార్కెట్ లేదని కూడా చెప్పలేం. మాలోన్ తన డైరెక్టర్స్ కట్‌ను (దర్శకుడు తనకు నచ్చినట్టు కూర్చిన వెర్షన్‌ను) ‘ద టైటన్ ఫైండ్’ పేరుతో తానే డీవీడీగా అమ్మాడు. ఆ తర్వాత అమెరికాలో బ్లూ-రే కూడా వచ్చింది. ప్రింటు మీద డబ్బు పెట్టే ముందు అది చూడండి. హక్కుదారు దావా వేస్తే, సినిమా ముందే రిజిస్టర్ అయి ఉన్నప్పుడు, నష్టం ఇంత అని నిరూపించకుండానే 750 నుంచి 30,000 డాలర్ల దాకా కోర్టు వేయవచ్చు. తెలిసి చేశారని తేలితే 1,50,000 దాకా పోవచ్చు. నాకు ఇలా రాసి అడిగాక, తెలియదు అని మీరు చెప్పలేరు కూడా.

మీరు నిశ్చింతగా చేయగలిగింది ఒకటుంది. ఒకే సీను మీ రెండు డీవీడీల్లో, బ్లూ-రేలో ఎలా ఉందో చిన్న చిన్న ముక్కలు పక్కపక్కన పెట్టి, ఎక్కడ కోశారో, ఎక్కడ నలుపు మింగేసిందో తెలుగులో వివరిస్తూ వీడియో చేయండి. విమర్శ కోసం వాడిన ముక్కలకు ఫెయిర్ యూజ్ బలంగా ఉంటుంది. డీవీడీ తాళం, అంటే కాపీ చేయకుండా పెట్టిన రక్షణ, తీయడం మామూలుగా అమెరికా చట్టంలో వేరే ఉల్లంఘన. వ్యాపారం కాని వీడియోల్లో విమర్శ కోసం చిన్న ముక్కలు వాడుకోవడానికి మాత్రం మినహాయింపు ఉంది. దాన్ని మూడేళ్లకొకసారి సమీక్షిస్తారు. 2024 అక్టోబర్‌లో మళ్లీ కొనసాగించారు.

అట్ట మీద ‘వైడ్‌స్క్రీన్’ అని వేసి లోపల కోసిన బొమ్మ ఇవ్వడం మాత్రం అమ్మినవాడి తప్పే. ‘రీమాస్టర్డ్’ అన్నది సాగదీసుకునే మాట. ‘వైడ్‌స్క్రీన్’ అలా కాదు, కొలిచి చూపించవచ్చు. అట్ట ఫోటో, తెర ఫోటో, రసీదు జతచేసి డబ్బు వాపసు అడగండి. టెక్సస్ వినియోగదారుల చట్టం కింద దావాకు రెండేళ్ల గడువు ఉంటుంది, 60 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అట్ట మీది వైడ్‌స్క్రీన్ మాటల మీదే అమెరికాలో ఎం.జి.ఎం. అనే సినిమా సంస్థపై క్లాస్ యాక్షన్ (కొనుగోలుదారులందరి తరఫున ఒకే దావా) నడిచింది. తప్పు ఒప్పుకోకుండానే ఆ సంస్థ డిస్కు తిరిగిచ్చినవారికి 7.10 డాలర్లు గానీ ఇంకో డిస్కు గానీ ఇచ్చేలా రాజీ పడింది. చౌక డిస్కుకు మీరు ఒక్కరే కోర్టుకెక్కమని నేను చెప్పను, ఒక గట్టి ఉత్తరం చాలు.

మీ తమ్ముడి విషయం. మీరు కొన్న అసలు డిస్కును బహుమతిగా పంపవచ్చు. స్కాన్ కాపీ పంపకండి. మన కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం సినిమాకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంటుంది. అంటే 1985 సినిమాకు 2045 ఆఖరు దాకా. సొంతంగా చూసుకోవడానికి సెక్షన్ 52లో కొంత వెసులుబాటు ఉన్నా, పదిమందికి పంచితే సెక్షన్ 63 వస్తుంది. మూడేళ్ల దాకా జైలు పడే ఆ నేరం నాన్‌బెయిలబుల్ అని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది.

మీ మనసు ఆ ప్రింటు మీదే ఉంటే, హక్కుదారును వెతకండి. అమెరికా కాపీరైట్ ఆఫీసులో 1978 తర్వాతి రికార్డులు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. ‘క్రీచర్’, ‘ద టైటన్ ఫైండ్’ రెండు పేర్లతోనూ చూడండి. రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద ఉంది, తర్వాత హక్కు ఎవరికి బదిలీ అయింది అన్నవి రెండూ కావాలి. మీవల్ల కాకపోతే ఆఫీసువాళ్లే వెతికిపెడతారు, గంటకు 200 డాలర్ల చొప్పున కనీసం రెండు గంటలకు కట్టించుకుంటారు. దర్శకుడికి రాస్తే దారి చెప్పవచ్చు గానీ, అనుమతి ఇవ్వాల్సింది ఆయనే అని అనుకోకండి. కాంట్రాక్టు మీద తీసిన సినిమాకు సాధారణంగా నిర్మాణ సంస్థే యజమాని. హక్కుదారు దొరికాక మీ ఉత్తరంలో ప్రింటు ఏ స్థితిలో ఉందో, ఎన్ని రీళ్లో, స్కాన్ ఖర్చు ఎవరిదో, సబ్‌టైటిల్స్ ఎవరి సొంతమవుతాయో స్పష్టంగా రాయండి. మంచి ప్రింటు దొరికిందంటే వాళ్లకూ అవసరమే కావచ్చు. అనుమతి ఫోన్లో ఇచ్చినా సరే, సంతకంతో కాగితం మీద తీసుకున్నాకే స్కానర్ దగ్గరికి వెళ్లండి.