వేసవి పని ఇచ్చేముందు ఒక మాట

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకి సెలవుల్లో తెలుగు పని ఏమివ్వమంటావని అడిగావు. నువ్వు రాసుకున్న జాబితా చూశాను. పాఠాలన్నీ ఎత్తి రాయడం, పద్యాలు పదేసి సార్లు, రోజుకో పేజీ చూచిరాత. అమ్మా, ఇది ఇవ్వకు. జూన్ 12న బడి తెరుస్తారనగా ముందురోజు రాత్రి అక్కో అన్నయ్యో కూర్చుని నింపేసే పని ఇది. పిల్లలకి టెన్షన్ తప్ప మిగిలేదేమీ ఉండదు.

ఆ పిల్లాడు తప్ప ఇంకెవరూ రాయలేనిది అడుగు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

మీ బడి పలాస పక్కన. సెలవులంటే అక్కడ జీడిపిక్కల కాలం. చాలామంది పిల్లలు పొద్దున్నే తోటకి పోతారు. 'మా ఊరు' అని వ్యాసం రాయమంటే "మా ఊరు చాలా అందమైనది, చుట్టూ పచ్చని పొలాలు" అని క్లాసంతా ఒకటే రాస్తారు. అలా కాకుండా, పండు నుంచి పిక్క ఎలా తీస్తారు, జీడి చర్మానికి అంటితే ఏమవుతుంది, అప్పుడు అమ్మ దానికి ఏం పూస్తుంది, తూకం వేసేటప్పుడు నాన్న ఎక్కడ నిలబడతాడు అని అడిగి చూడు. వారానికి ఐదు వాక్యాలు చాలు. తోట లేనివాళ్ళని ఇంట్లో చోడంబలి, అదే రాగి అంబలి, ఎలా కాస్తారో చూసి రాయమను. గరిటె ఎవరు తిప్పుతారు, తాగనని మారాం చేసేదెవరు, అదీ రాయాలి.

ఎనిమిదో తరగతికి కాస్త పెద్ద పని ఇవ్వొచ్చు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మీ పలాస దగ్గరే తీరం దాటింది. అప్పటికి వీళ్ళకి సరిగా ఊహ తెలియదు. పెద్దవాళ్ళని అడిగి రాసుకురమ్మను. ఆ రాత్రి ఎక్కడ తలదాచుకున్నారు? తెల్లారి తలుపు తీస్తే ముందు ఏం కనబడింది? పడిపోయిన కొబ్బరి చెట్లని ఏం చేశారు? కరెంటు ఎన్నాళ్ళకి వచ్చింది? ఇంట్లో మనిషిని పోగొట్టుకున్న పిల్లలుంటే మాత్రం వాళ్ళకి ఈ ప్రశ్నలు వద్దు. ముందే కనుక్కుని వేరే పని ఇవ్వు.

ఇంట్లో మాట్లాడినట్టే రాయనీ. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది మన శ్రీకాకుళం జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. వాడుకభాషలో రాయాలని అంత పోరాడిన మనిషి పుట్టిన నేల మీద పిల్లలు తమ మాట రాయడానికి భయపడకూడదు. ఒత్తులు, దీర్ఘాలు జూలైలో దిద్దుకోవచ్చు.

ఇక చదవడం. పోతాయేమోనని పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటు చాలా బళ్ళలో ఉంది. నువ్వు తాళం తియ్యి. ఆఖరి పనిదినాన పేర్లు రిజిస్టరులో రాసుకుని, ఒక్కొక్కరికి రెండు పల్చటి పుస్తకాలు ఇవ్వు. ఏవి కావాలో వాళ్ళే ఎంచుకోవాలి. ఒక వీధి పిల్లలు తమలో తాము మార్చుకుంటే ఇంకా మంచిది. వలస వెళ్ళిన అమ్మానాన్నల దగ్గరికి హైదరాబాదో చెన్నైయో వెళ్ళేవాళ్ళ సంచిలోనూ ఇవి పడతాయి. వాట్సాప్‌లో పంపుతానంటావేమో, ఫోను తండ్రితో పాటు పనికి పోతుంది, సాయంత్రం దాకా రాదు.

చదివినదానికి సారాంశం అడగకు. ఎవరికి చదివి వినిపించావు, విని వాళ్ళేమన్నారు అని అడుగు. చదువు రాని మామ్మ పక్కన కూర్చుని గట్టిగా చదివే పిల్లకి ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో దానంతటదే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం జూన్‌లో నువ్వు చేసేది. పిల్లలు రాసిన నోటు పుస్తకాలన్నీ ఇంటికి తెచ్చుకుని ప్రతిదీ చదువు. సంతకం పెట్టి ఇచ్చేస్తే మరుసటి వేసవి ఎవరూ మనసు పెట్టి రాయరు. ప్రతి పిల్లకీ ఒక ప్రశ్న రాయి: "ఆ కొబ్బరి చెట్టు ఎవరు నాటారు?" అన్నట్టు. జవాబు కోసం వాళ్ళు మళ్ళీ ఇంట్లో అడుగుతారు. బాగా వచ్చినవాటిని ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, రాసినవాళ్ళ చేతే చదివించు. తల్లిదండ్రులని కూడా పిలు.

నోటు పుస్తకాలు నలభై పేజీలవి చాలు. ఎన్ని కావాలో ఈ వారంలో ఫోన్ చేసి చెప్పు, ఇక్కడ విజయనగరంలో కొని బస్సులో వేస్తాను.

మీ మామయ్య