రైలేలో సముద్రం పక్కన కొండ ఎక్కాలంటే ముందు బోల్టుల సంగతి తెలుసుకోండి

హైదరాబాద్‌లో ఇండోర్ వాల్ (హాల్లో కట్టిన కృత్రిమ గోడ) మీద ఏడాదిగా ఎక్కుతున్నారు, భువనగిరి కొండ మీదా కొంత అనుభవం ఉంది, ఈ శీతాకాలం థాయ్‌లాండ్‌లోని రైలే వెళ్లాలనుకుంటున్నారు. అక్కడి రూట్లు మీ స్థాయికి సరిపోతాయా, సముద్రం పక్కన ఎక్కడంలో అదనపు ప్రమాదం ఏమైనా ఉందా, తాడు లేకుండా నీళ్ల మీద ఎక్కే డీప్ వాటర్ సోలో ప్రయత్నించవచ్చా అని అడిగారు.

తప్పకుండా వెళ్లండి. నేనూ భువనగిరిలో నేర్చుకున్నవాణ్ణే. వీలు దొరికితే ఇప్పటికీ రైలేకే వెళ్తాను. స్థాయి గురించి టెన్షన్ పడకండి. రూట్ ఎంత కష్టమో చెప్పే ఫ్రెంచ్ గ్రేడుల్లో సులువు వైపున్న 5, 6ఎ రూట్లు అక్కడ చాలానే ఉన్నాయి. తూర్పు రైలేలోని వన్ టూ త్రీ వాల్ మీద కొత్తవాళ్లు రోజూ ఎక్కుతుంటారు. అసలు తెలుసుకోవాల్సింది ఉప్పుగాలి బోల్టుల్ని, అంటే పడిపోకుండా తాడు తగిలించుకోవడానికి రాయిలో దించిన లోహపు కడ్డీల్ని, ఏం చేస్తుందో.

భువనగిరి లాంటి చోట పాత బోల్టుకు తుప్పు పడితే ఎర్రగా కనిపిస్తుంది, పక్కన పెట్టేస్తాం. సముద్రం పక్కన అలా కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ పైకి తళతళలాడుతూనే ఉంటుంది. ఉప్పులోని క్లోరైడు, అక్కడి వేడి, లోహంలో ఉన్న బిగువు, ఈ మూడూ కలిసి లోపల సన్నటి పగుళ్లు పుట్టిస్తాయి. పగులు రాయిలోపలి భాగంలో ఉంటే ఎంత పరీక్షగా చూసినా తెలియదు. రైలే, దాని పక్కనున్న టోన్సాయ్ ప్రాంతాల్లో 1990ల్లో వేసిన స్టెయిన్‌లెస్ బోల్టులు కొన్నేళ్లలోనే ఇలా దెబ్బతిన్నాయి. పెద్దగా పడక్కర్లేదు, మనిషి బరువుకే విరిగినవి ఉన్నాయి. అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య యూఐఏఏ కూడా 2015లో దీని మీద క్లైంబర్లను హెచ్చరించింది.

అందుకే అక్కడి క్లైంబర్లు డబ్బు పోగుచేసి, ఒక్కో రూట్‌కీ టైటానియం బోల్టులు వేస్తూ వచ్చారు. రాయికి రంధ్రం చేసి, జిగురు నింపి, అందులో దించుతారు. స్టీలు కంటే ఖరీదు ఎక్కువ, పని కూడా నిదానం. మండే ఎండలో తాడుకు వేలాడుతూ, బరువైన డ్రిల్లు పట్టుకుని ఆ పని చేసినవాళ్ల వల్లే మనం ఈ రోజు నిశ్చింతగా ఎక్కగలుగుతున్నాం. రీబోల్టింగ్ (పాత బోల్టులు మార్చడం) కోసం విరాళం తీసుకుంటున్న చోటు కనబడితే ఎంతో కొంత ఇచ్చి రండి. ఇది మొహమాటానికి చెబుతున్నమాట కాదు.

టైటానియం బోల్టు మసక బూడిద రంగులో ఉంటుంది. నట్టు, హ్యాంగర్ (బోల్టుకు బిగించే కన్నమున్న రేకు) ఉండవు. రాయిలోంచి వంచిన కడ్డీ బయటికి వచ్చినట్టు కనిపిస్తుంది. అయితే స్టీలుతో కూడా ఇదే ఆకారంలో చేస్తారు కాబట్టి ఆకారం ఒక్కటే చూసి నమ్మకండి. వెళ్లిన రోజే అక్కడి క్లైంబింగ్ షాపులో కొత్త గైడ్‌బుక్ కొని, ఏ రూట్లలో బోల్టులు మార్చారో అడిగి, పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. సున్నపురాయి కన్నాల్లోంచి దూర్చి కట్టిన తాళ్లు కూడా కనిపిస్తాయి. వాటిని థ్రెడ్‌లు అంటారు. రంగు వెలిసిపోయి బిరుసెక్కిన తాడైతే దాని మీద బరువు వేయకండి.

ఇక రాయి. భువనగిరి గ్రానైటు మీద మనకు అలవాటైనది బూటు అరికాలు రాపిడి మీద నిలబడటం, చేతులకు పెద్దగా పని ఉండదు. రైలే సున్నపురాయిలో గుంటలు, అంచులు, పైనుంచి వేలాడే రాతి ఊడలు ఉంటాయి. మీ ఇండోర్ వాల్ అలవాటు ఇక్కడ చాలా ఉపయోగపడుతుంది. కాకపోతే జనం ఎక్కువగా ఎక్కే రూట్లలో పట్లు అరిగిపోయి గాజులా జారుతాయి. సులువైన గ్రేడ్ అని చూసి మొదలుపెట్టిన రూట్ గట్టిగా అనిపిస్తే కారణం అదే కావచ్చు. ఒకటి రెండు గ్రేడులు తగ్గించుకుని మొదలుపెట్టండి. గాలిలో తేమ ఎక్కువ, చెమట పీల్చే చాక్ పొడి ఎంత పూసుకున్నా చేతులు చెమర్చుతూనే ఉంటాయి.

వెళ్లడానికి నవంబర్ నుంచి ఏప్రిల్ వరకు మంచి కాలం. అందులోనూ డిసెంబర్, జనవరి హాయిగా ఉంటాయి. చుట్టూ కొండ గోడలే, రోడ్డు లేదు. ఆవ్ నాంగ్ నుంచో క్రాబీ ఊరి నుంచో పొడుగాటి పడవలో చేరాలి. మధ్యాహ్నం ఎండ భరించలేం కాబట్టి ఏ గోడకి ఎప్పుడు నీడ వస్తుందో చూసుకుని రోజు ప్లాన్ చేసుకోండి. కోతులు బ్యాగుల జిప్పులు తీసేస్తాయి, తిండి బయట పెట్టకండి.

ఆటుపోట్ల పట్టిక ఫోన్‌లో తప్పనిసరిగా ఉండాలి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర నీటిమట్టంలో తేడా రెండు మీటర్లు దాటుతుంది. పశ్చిమ రైలే నుంచి టోన్సాయ్‌కి పాటు సమయంలో రాళ్ల మీదుగా నడిచి వెళ్లొచ్చు. పోటు వస్తే ఆ దారి మునిగిపోతుంది, అడవి దారి పట్టుకోవాలి. కొన్ని గోడల కింద బిలే చేసే (కింద నిలబడి ఎక్కేవాళ్ల తాడు పట్టుకునే) చోటికి కూడా నీళ్లు వస్తాయి. పాటులో ఇసుక మీద పెట్టిన బ్యాగు, మీరు కిందికి దిగేసరికి నీళ్లలో ఉండొచ్చు.

బసకు చేరగానే క్యారబీనర్లు (గేటు తెరుచుకునే లోహపు కొక్కేలు), క్విక్‌డ్రాలు (తాడుని బోల్టుకు తగిలించే జంట కొక్కేలు) మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. ఉప్పు ఉండిపోతే అల్యూమినియం మీద తెల్లటి పొడి లేస్తుంది, గేటు బిగుసుకుపోతుంది. తాడుని నీడలోనే ఆరేయాలి. బూట్లు, హార్నెస్, హెల్మెట్ మీవి తీసుకెళ్లండి. తాడు, క్విక్‌డ్రాలు అక్కడ అద్దెకు దొరుకుతాయి. మొదటిరోజు సగం పూటకైనా స్థానిక గైడ్‌ని పెట్టుకోండి, బోల్టుల గురించి వాళ్లకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ దొరకదు. లీడ్ చేసేటప్పుడు (తాడుని బోల్టులకు తగిలించుకుంటూ ముందుగా ఎక్కేటప్పుడు) తాడు చివర ముడి వేయడం మరవకండి. ఇండోర్ వాల్ కంటే ఇక్కడి రూట్లు చాలా పొడవు, కిందికి దించేటప్పుడు తాడు చాలక చివర జారిపోవచ్చు.

డీప్ వాటర్ సోలో ఈ ట్రిప్‌లో చేయవచ్చా అంటే, సముద్రంలో ఈత బాగా వస్తేనే. స్విమ్మింగ్ పూల్ ఈత సరిపోదు. పడవలో తీసుకెళ్లే గైడ్‌లతో, పోటు నిండుగా ఉన్నప్పుడు మాత్రమే వెళ్లండి, నీళ్ల లోతు వాళ్లకి తెలుస్తుంది. ఎక్కువ ఎత్తుకు పోకుండా ఐదారు మీటర్ల దగ్గర ఆగి, ముందు అక్కడి నుంచి దూకడం అలవాటు చేసుకోండి. కాళ్లు దగ్గరగా పెట్టి నిటారుగా పడాలి. వెల్లకిలా పడితే ఆ ఎత్తు నుంచి కూడా నీళ్లు గట్టి దెబ్బే కొడతాయి.