హిస్టరీ పుస్తకం మీద పెన్సిల్ పెట్టనివ్వకండి

చెల్లెమ్మా,

మీ ఉత్తరం చేరింది. నేనిప్పుడు అమెరికాలో, మా న్యూజెర్సీ ఎడిసన్‌లో లేను, హైదరాబాద్‌లోనే ఉన్నాను. విద్యానగర్‌లో మా అక్కయ్య ఇంట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. కూకట్‌పల్లిలో మీరు సూట్‌కేసులు తూకం వేసుకుంటుంటారు, ఇక్కడ నేను ఆవకాయ తూకం వేసుకుంటున్నాను. కిలో ఎక్కువైనా ఎయిర్‌పోర్టులో ముక్కుపిండి వసూలు చేస్తారు, జాగ్రత్త.

మీరు నాలుగు సంగతులు అడిగారు. తొమ్మిదో తరగతి పూర్తయిన అమ్మాయి అమెరికాలో పదిలో చేరితే హిస్టరీ క్లాసు ఎలా ఉంటుంది, హోంవర్కు ఎంత ఇస్తారు, ట్యూషన్ పెట్టించాలా, క్లాసులో స్నేహితులు దొరుకుతారా లేక పిల్ల ఒంటరిదైపోతుందా అని. ఆ చివరిది వదిలేయండి, పిల్లలు వాళ్ళే సర్దుకుంటారు. మొదటి మూడింటికీ మాత్రం నా దగ్గర గట్టి జవాబులున్నాయి. ఒక్కోదానికీ నేను డాలర్లు కట్టి నేర్చుకున్నాను మరి.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. న్యూజెర్సీలో హైస్కూల్ పూర్తి చేయాలంటే ప్రపంచ చరిత్ర ఒక ఏడాది, అమెరికా చరిత్ర రెండేళ్ళు చదవాలి. ఏది ఏ తరగతిలో పెడతారన్నది ఊరిని బట్టి ఉంటుంది. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్ తెరిస్తే అన్నీ ఉంటాయి, చూసుకోండి.

మేం దిగింది 2009 ఆగస్టులో. డాలరు 48 రూపాయలు. రిసెషన్ రోజులు, నా కాంట్రాక్టు ఎప్పుడు ఊడుతుందో తెలియదు. మా ఆవిడ హెచ్-4 మీద, అంటే భార్యకిచ్చే వీసా మీద వచ్చింది కాబట్టి అప్పట్లో ఉద్యోగం చేయడానికి వీల్లేకపోయింది. కొత్తిమీర కట్ట కొన్నా 48తో గుణించి, గుండె పట్టుకుని, అప్పుడు బుట్టలో వేసేవాణ్ణి. ఈ కాలం పిల్లలు నవ్వుతారు గానీ, అలా గుణించడం వల్లే ఇవాళ అక్కడ సొంత ఇల్లుంది.

మావాడు తొమ్మిదిలో చేరాడు. స్కూల్లో హిస్టరీ పుస్తకం ఊరికే ఇచ్చారు. వెయ్యి పేజీలు, ఇటుకంత బరువు. ఉచితమంటే నాకెంత సంతోషమో చెప్పలేను. ఆ రాత్రే స్కేలు, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పరీక్షలో వచ్చేలా కనిపించిన ప్రతి వాక్యం కిందా గీత, పక్కన చుక్క గుర్తు, ‘ఇంపార్టెంట్’ అని రాత. మా రోజుల్లో కోఠిలో పాత పుస్తకాలు కొనేటప్పుడు, ముందు చదివినవాడు బాగా గీతలు గీసిన పుస్తకమే వెతికి తీసుకునేవాళ్ళం. అందులో సగం చదువు అయిపోయినట్టే లెక్క. అలా మావాడికి ఆరు చాప్టర్లు తయారు చేసిపెట్టాను. జూన్‌లో పుస్తకం వెనక్కిచ్చేస్తే ఇంటికి బిల్లు వచ్చింది. పుస్తకం పాడు చేసినందుకు 83 డాలర్లు. అంటే నాలుగు వేల రూపాయలకి పదహారు తక్కువ. పుస్తకాన్ని పాడు చేశానని నన్ను అన్నవాళ్ళు జీవితంలో అంతకుముందు ఎవరూ లేరు.

ఇప్పుడు చాలాచోట్ల పుస్తకం బదులు క్రోమ్‌బుక్ అనే చిన్న ల్యాప్‌టాప్ చేతికిస్తున్నారు. దాని మూత పగిలినా బిల్లే. అమ్మాయికి ఒక మంచి సంచీ కొనివ్వండి.

ఇక క్లాసు సంగతి. పిల్లలు లోపలికి వచ్చేసరికి బోర్డు మీద ఒక ప్రశ్న ఉంటుంది, దాన్ని ‘డూ నౌ’ అంటారు. ఐదు నిమిషాల్లో జవాబు రాయాలి. తర్వాత టీచరు ఒక ఉత్తరమో, కార్టూనో, పాత పేపరు ముక్కో ఇచ్చి, ఇది ఎవరు రాశారు, ఎవరి కోసం రాశారు, ఎందుకు రాశారు అని అడుగుతారు. పిల్లలు నలుగురేసి కూర్చుని వాదించుకుంటారు. బెల్లు కొట్టే ముందు చిన్న కాగితం మీద ఇవాళ ఏం అర్థమైందో రాసిచ్చి వెళ్ళాలి. ఇంటికొచ్చాక ఎనిమిదో పదో పేజీలు చదివి నోట్సు రాసుకోవాలి. నోరు విప్పి మాట్లాడినందుకు కూడా మార్కులుంటాయి. మావాడు మొదటి రోజు జవాబు చెప్పడానికి అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడట. వెనక ఎవరో కిసుక్కుమన్నారట. ఆ తర్వాత నెలన్నర నోరు తెరవలేదు, మాట్లాడినందుకు వచ్చే మార్కులు అన్నీ పోయాయి. కాబట్టి అమ్మాయికి కూర్చునే జవాబు చెప్పమని ముందే చెప్పండి.

ఇప్పుడు అసలు కథ. మర్నాడు బోస్టన్ టీ పార్టీ మీద చిన్న పరీక్ష అన్నాడు. అమెరికా ఇంకా ఇంగ్లీషువాళ్ళ కింద ఉన్నప్పుడు, బోస్టన్ జనం ఓడల్లోని టీ పెట్టెల్ని సముద్రంలో పారేసిన గొడవ అది. నేను పక్కన కూర్చుని బట్టీ పట్టించాను. 1773 డిసెంబర్ 16, మూడు ఓడలు, వాటి పేర్లు డార్ట్‌మౌత్, ఎలనోర్, బీవర్, సముద్రంలో పారేసిన పెట్టెలు 342. రాత్రి పదకొండింటికి నిద్రలో లేపి అడిగినా చెప్పాడు. వారం తర్వాత పేపరు ఇంటికొచ్చింది. మార్జిన్ కొట్టి, హెడ్డింగ్ కింద రెండు గీతలు గీసి, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇరవైకి తొమ్మిది. కింద టీచరు ఒకే ఒక ముక్క రాసింది: ‘ఇవన్నీ నిజమే, అయితే ఏమిటి?’

నాకు ఒళ్ళు మండింది. గంటకింత అని జీతం తీసుకునేవాణ్ణి, నాలుగు గంటల జీతం వదులుకుని స్కూలుకి వెళ్ళాను. మేడమ్, పాయింట్లన్నీ ఉన్నాయి, మార్కులెలా కోశారు అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఆ టీ ఎవరిదో చెప్పండి అంది. ఈస్టిండియా కంపెనీది అన్నాను గర్వంగా, ఆ కంపెనీ గురించి మనకి ఒకరు చెప్పాలా! గోదాముల నిండా టీ పేరుకుపోయి కంపెనీ అప్పుల్లో మునిగితే, నేరుగా అమెరికాలో అమ్ముకోమని బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది, దాంతో టీ ధర తగ్గింది, మరి టీ చవకైతే జనానికి కోపం ఎందుకొచ్చింది అంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. చవకగా ఇస్తామంటే వద్దనేవాళ్ళుంటారా? నా బుర్రకి అది ఎక్కలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మావాడే చెప్పాడు. ధర తగ్గినా పౌనుకి మూడు పెన్నీల పన్ను అలాగే ఉంది. ఆ టీ కొన్నారంటే, తమ తరఫున ఒక్క సభ్యుడు కూడా లేని పార్లమెంటు వేసిన పన్నుని ఒప్పుకున్నట్టే. ఇంకోపక్క ఊళ్ళో టీ వ్యాపారులకీ, దొంగచాటుగా డచ్చి టీ దింపుకునేవాళ్ళకీ బేరం పోయింది. పైకి హక్కుల గొడవ, లోపల కొంత దుకాణాల గొడవ. పరీక్షలో ఇచ్చిన రెండు ఉత్తరాల్లో ఒకటి అలాంటి వ్యాపారిదట. అతని మాట ఎంతవరకు నమ్మొచ్చన్నదే ప్రశ్న. పెట్టెలెన్ని అని ఎవరూ అడగలేదు. డబ్బు గొడవ అని మొదటే చెప్పి ఉంటే ఆ పాఠం నేనే నేర్పేవాణ్ణి కదా!

మీ అమ్మాయికి ఇక్కడ పదికి పది వచ్చాయని రాశారు. సంతోషమే, కానీ ఆ పది అక్కడ ఎక్కడికీ రాదు. ముందు తన వాదన ఒక వాక్యంలో చెప్పి, ఆ తర్వాత తేదీలు దానికి సాక్ష్యంగా వాడడం నేర్చుకోమనండి. మన పిల్లలకి ఒక లాభం మాత్రం ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో, 1781లో యార్క్‌టౌన్ దగ్గర లొంగిపోయిన ఇంగ్లీషు సేనాని కార్న్‌వాలిస్ పేరు అక్కడ అందరికీ తెలుసు. అదే పెద్దమనిషి ఐదేళ్ళకి గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో దిగి, 1793లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడని చెప్పే పిల్ల క్లాసులో ఒక్కతే ఉంటుంది. ఆ రోజు చెయ్యెత్తమనండి.

కాపీ గురించి ఎక్కువ చెప్పను, సిగ్గు. ఇంటర్నెట్‌లోంచి రెండు పేరాలు దింపి అక్కడక్కడా మాటలు మార్చి ఇచ్చింది నేనే. సాఫ్ట్‌వేర్ పట్టేసింది, సున్నా వచ్చింది. అది మా తండ్రీకొడుకులిద్దరికీ కలిపి వచ్చిన సున్నా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ప్రాజెక్టులకి మూడు మడతల అట్ట కావాలంటారు, అది డాలర్ స్టోర్‌లో కొనండి. పెద్ద షాపులో ఐదారు రెట్లుంటుంది.

ట్యూషన్. ఇది చదివి ఒక్క నిమిషం ఆగండి. ఆ సున్నా తర్వాత కంగారుపడి, మనవాళ్ళే నడిపే ఒక సెంటర్‌లో చేర్పించాను. గంటకి 45 డాలర్లు, వారానికి రెండు గంటలు, పది వారాలు. తొమ్మిది వందల డాలర్లు. 48తో గుణించండి, నాకు మళ్ళీ గుణించే ఓపిక లేదు. వాళ్ళు చేసిందేమిటంటే జెరాక్స్ కాగితాలిచ్చి బిట్లు పెట్టించడం. సరిగ్గా అదే సమయంలో స్కూల్లో ఆ టీచరమ్మ మంగళవారం, గురువారం సాయంత్రాలు గంటసేపు కూర్చుని, వచ్చిన పిల్లలకి వ్యాసం ఎలా రాయాలో ఊరికే చెబుతోంది! ఆలస్యంగా ఉన్నవాళ్ళకి లేటు బస్సు కూడా ఉంది. ‘ఎక్స్‌ట్రా హెల్ప్’ అంటే మొద్దు పిల్లలకి వేసే శిక్ష అనుకుని, మావాణ్ణి పోనిచ్చేవాణ్ణి కాదు. మీ అమ్మాయిని మొదటి వారం నుంచే పంపండి.

ఏపీ హిస్టరీ గురించి మీ వారు అడగమన్నారు కదా. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. మొదటి ఏడాదే వద్దు. మే నెలలో మూడుంపావు గంటల పరీక్ష, 55 నిమిషాల్లో 55 బిట్లు, ఆ పైన ఏడు డాక్యుమెంట్లు చదివి గంటలో ఒక వ్యాసం, ఇంకా మరికొన్ని. ఫీజు వంద డాలర్ల దగ్గర ఉంటుంది. ఐదుకి నాలుగో ఐదో వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి, అంటే ఒక కోర్సు ఫీజు మిగిలినట్టే. ఆ లెక్క నాకూ తీపే. అయితే రెండో ఏడాది, మూడో ఏడాది ఉన్నాయి. గైడ్ పాతదైనా పనికొస్తుంది. వచ్చే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతకండి, దొరికితే అక్కడి ధరలో పదోవంతు కూడా ఉండదు.

స్నేహితుల సంగతి మళ్ళీ రాస్తారేమోనని ఇక్కడే చెబుతున్నాను. ఆమధ్య మావాడు మాటల్లో అన్నాడు, మొదటి ఏడాదంతా లంచ్ టైములో లైబ్రరీలోనే కూర్చునేవాడట. లైబ్రరీలో తిననిస్తారా అన్నాను. తినేవాణ్ణి కాదు డాడీ అన్నాడు. మరి లంచ్ అకౌంట్‌లో నెలనెలా నేను వేసిన డబ్బు ఏమైందని అడగబోయి ఊరుకున్నాను. వాడికిప్పుడు బోలెడంతమంది స్నేహితులు.

ఇంకొక్క హోంవర్కు గురించి చెప్పి ఆపేస్తాను. పదో తరగతిలో అనుకుంటా, ఇంట్లో పెద్దవాళ్ళని ఎవరినైనా వాళ్ళు చూసిన ఒక చారిత్రక ఘటన గురించి ప్రశ్నలడిగి రాసుకురమ్మన్నారు. మావాడు ఇదే ఇంటికి, విద్యానగర్‌కి, ఫోన్ చేశాడు. మా నాన్నకి 1948 పోలీస్ యాక్షన్ నాటికి పదేళ్ళు. అప్పుడు ఐదు డాలర్ల ఫోన్ కార్డులుండేవి, వెనక గీకితే నంబరు కనిపించేది. నేను వాచీ చూస్తూ పక్కనే నిలబడ్డాను.

సెప్టెంబర్ 17న ఏం జరిగింది తాతయ్యా అని వీడడిగితే, ఆయన డబ్బుల గురించి మొదలుపెట్టాడు. నైజాం డబ్బు వేరు, దాన్ని హాలీ సిక్కా అనేవారు. బయటి ఇండియా డబ్బు కల్దారు. బెజవాడలో మేనమామ ఇంటికి వెళ్ళాలంటే ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్లు వచ్చేవి. నాయనమ్మ చేతిలో పెట్టిన రూపాయి రైలెక్కి అక్కడ దిగేసరికి చిన్నదైపోయేదని ఆయన బాధ. రాజ్యం ఇండియాలో కలిసిపోయిందనగానే పదేళ్ళ పిల్లాడు వేసిన మొదటి ప్రశ్న, ఇక రూపాయికి రూపాయి ఇస్తారా అని. ఇవ్వలేదట, ఆ తర్వాత కూడా కొన్నేళ్ళు హాలీ చెల్లిందట. నేను వాచీ మీంచి తలెత్తాను. గుణించే జబ్బు నాకెక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది.

తర్వాత ఆయన గొంతు తగ్గించి, మా పక్కింట్లో ఉండేవాళ్ళు ఆ నెలలోనే, అంటూ ఏదో మొదలుపెట్టాడు. ఇంతలో కార్డు గొంతు అడ్డొచ్చి ఒక్క నిమిషమే మిగిలిందని చెప్పింది. మావాడు ఇంకో కార్డు గీకుదాం డాడీ అన్నాడు. చాల్లే, కావలసింది వచ్చిందిగా అన్నాను.

ఆ వ్యాసానికి ‘ఏ’ గ్రేడు వచ్చింది. మార్జిన్‌లో టీచరు ఒక ప్రశ్న రాసింది, పక్కింటివాళ్ళు ఏమయ్యారని. మళ్ళీ ఫోన్ చేసినప్పుడు అడుగుదాంలే అనుకున్నాం. నాన్న 2011లో పోయారు. మొన్న రాత్రి అక్కయ్యని అడిగాను, తనకీ తెలియదంది.

మీ అత్తగారు 1969 తెలంగాణ ఉద్యమం నాటికి కాలేజీలో ఉన్నారని రాశారు కదా. వెళ్ళేలోపు అమ్మాయిని ఒక పూట ఆవిడ పక్కన కూర్చోబెట్టి, ఫోన్‌లో రికార్డు ఆన్ చేసి పెట్టండి. ఆపమని మాత్రం ఎవరూ అనకండి, ఖర్చేమీ లేదు.