కర్నె బహువచనం కర్ని ఎందుకయింది?

టోల్కీన్ తన కథల్లోని ఎల్ఫ్‌ల కోసం కల్పించిన భాష క్వెన్యాలో మొర్న (నల్లని) బహువచనంలో మొర్నె అవుతుంటే, కర్నె (ఎర్రని) మాత్రం కర్ని ఎందుకవుతుందని అడిగారు. కీలకమంతా ధాతువు దగ్గరే ఉందండి. కర్నె ‘కరన్’ ధాతువు నుంచి పుట్టింది, దాని పూర్వరూపం ‘కరని’. పదాంతంలోని హ్రస్వ ఇకారం కాలక్రమంలో ఎకారమైంది. వెనుక మరేదైనా చేరిన చోట పాత ఇకారమే నిలిచింది, బహువచనంలోనూ అంతే. కర్నిమీరియె అనే చెట్టు పేరు చూడండి. ఎర్రని మణులు ధరించినదని అర్థం, అందులో ‘కర్ని’ చెక్కుచెదరలేదు. ఎంత అందమైన సాక్ష్యం!

మొర్నె కథ వేరు. అది ఒకప్పటి ‘మొర్నై’, చివరి ఐకారం ఎకారంగా కుదించుకుపోయింది. కాబట్టి ఎకారాంత విశేషణం కనిపించగానే ఏకవచనమని తేల్చేయకండి, ముందు పక్కనున్న నామవాచకం ఏ వచనంలో ఉందో చూడండి.