'ఇంట్లోనే ఉంటావుగా' అంటే సరిపోదు

ప్రశ్న: నా వయసు 32. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నాలుగేళ్లు పనిచేసి, పాప పుట్టాక మానేశాను. ఇప్పుడు తెనాలిలో అత్తగారింట్లో ఉంటున్నాం. పాప యూకేజీ చదువుతోంది. ఈమధ్య ఒక చిన్న కంపెనీలో ఇంటి నుంచే చేసే ఉద్యోగం వచ్చింది. అమెరికా క్లయింట్, నెలకు 35 వేలు. ఆఫర్ లెటర్‌లో 'కన్సల్టెంట్' అనీ, టైమింగ్స్ 'ఫ్లెక్సిబుల్' అనీ రాశారు. శుక్రవారంలోగా ఒప్పుకోమంటున్నారు. మావారు హోమ్ లోన్‌కి సాయంగా ఉంటుంది, చేరిపొమ్మంటున్నారు. 'ఇంట్లోనే ఉంటావుగా, పనికి ఇబ్బంది ఉండదులే' అన్నారు అత్తయ్యగారు. అందరూ సంతోషంగానే ఉన్నారు, నాకే టెన్షన్‌గా ఉంది. కంపెనీని ఏం అడగాలో తెలియడం లేదు. ఎక్కువ అడిగితే ఉద్యోగం చేజారిపోతుందేమోనని భయం. ఏం చేయమంటారు?
- ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ టెన్షన్‌కి కారణం ఉంది. అత్తయ్యగారు ప్రేమగానే అన్నారు, అందులో సందేహం లేదు. కానీ ఉద్యోగానికి బయటికి వెళ్లే కోడలు సాయంత్రం దాకా ఇంట్లో ఉండదని అందరికీ తెలుసు కాబట్టి, వంట ఎవరు చూడాలి, పాపను ఎవరు తీసుకురావాలి అన్నది ముందే మాట్లాడుకుంటారు. గదిలో కూర్చుని పనిచేసే కోడలి విషయంలో ఆ మాటలే జరగవు. గ్యాస్ బండ వచ్చినా, పాప ఏడ్చినా, చుట్టాలొచ్చినా ఆమే లేస్తుంది. అందుకే మీరు కంపెనీని ఎన్ని ప్రశ్నలు అడగాలో ఇంట్లోనూ అన్ని అడగాలి. కంపెనీ జవాబులు చేతిలో ఉంటే ఇంట్లో మాట్లాడటం తేలిక కాబట్టి, ముందు ఆ సంగతి చూద్దాం.

అన్నిటికంటే ముందు వేళలు అడగండి. 'ఫ్లెక్సిబుల్' అంటే ఎవరి వీలు? 'తప్పనిసరిగా ఆన్‌లైన్‌లో ఉండాల్సిన గంటలు మన టైమ్ ప్రకారం ఎన్నింటి నుంచి ఎన్నింటి వరకు?' అని సూటిగా అడగండి. క్లయింట్ న్యూయార్క్ వైపు వాళ్లయితే, వాళ్ల ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు అంటే వేసవిలో మనకు సాయంత్రం 6:30 నుంచి రాత్రి 2:30. నవంబరు మొదటి ఆదివారం వాళ్లు గడియారాన్ని గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి మార్చి రెండో ఆదివారం దాకా అదే పని మనకు రాత్రి 7:30 నుంచి తెల్లవారుజాము 3:30 అవుతుంది. కాలిఫోర్నియా అయితే మనకు ఇంకో మూడు గంటలు ఆలస్యంగా మొదలై, ఆలస్యంగా ముగుస్తుంది. పొద్దున్నే పాపకు టిఫిన్ పెట్టి, జడ వేసి, స్కూలుకు పంపాల్సిన తల్లికి ఈ లెక్క జీతం కంటే ముఖ్యం. రోజూ సాయంత్రం రెండు గంటల మీటింగ్ ఉండి, మిగతా పని పగలు చేసుకోవచ్చంటే అది వేరే ఉద్యోగం. రెండింటికీ వాళ్లు వాడే మాట ఒక్కటే కావచ్చు కాబట్టి, గంటలు అంకెల్లో రాయించుకోండి.

తర్వాత ఆ 'కన్సల్టెంట్' సంగతి. అలా చేరితే మీరు వాళ్ల ఉద్యోగి కారు. పీఎఫ్ ఉండదు, అంటే ఉద్యోగులకు కంపెనీ తన వంతుగా కట్టే 12 శాతం మీకు రాదు. సాధారణంగా ఫీజులో 10 శాతం టీడీఎస్, అంటే ఆదాయపు పన్ను కింద ముందే కోస్తారు, కాబట్టి చేతికి వచ్చేది 31,500. రిటర్న్ వేస్తే ఆ కోసింది చాలావరకు వెనక్కి రావచ్చు, కానీ నెలనెలా లోన్ లెక్క వేసుకునేటప్పుడు మీవారికి ఈ అంకే చెప్పండి. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇంకోటి గుర్తుంచుకోండి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మహిళా ఉద్యోగులకు దక్కిన 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు కన్సల్టెంట్‌కు వర్తించదు. సెలవు పెడితే డబ్బు కోస్తారా, కాంట్రాక్టు ఎన్ని నెలలు, ఆరు నెలల తర్వాత ఉద్యోగిగా తీసుకుంటారా అన్నవి కూడా అడగండి.

ల్యాప్‌టాప్ వాళ్లిస్తారా, నెట్ బిల్లు ఎవరిది, కరెంటు పోయిన గంటను సెలవుగా లెక్కేస్తారా, కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాలా, స్క్రీన్ ఫొటోలు తీసే సాఫ్ట్‌వేర్ వేస్తారా అన్నవీ అవసరమే. ఉమ్మడి ఇంట్లో కెమెరా ఆన్‌లో ఉండటమంటే మీ ఒక్కరి విషయం కాదు. కొన్నాళ్లకు హైదరాబాద్ రమ్మంటారేమో కూడా తెలుసుకోండి. ఇంటి నుంచే పని అన్న మాట లెటర్‌లో ఉండాలి.

కంపెనీ నిజమైనదో కాదో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో చూడండి. రిజిస్ట్రేషన్ ఫీజనో, ల్యాప్‌టాప్ డిపాజిటనో ఒక్క రూపాయి అడిగినా ఆ ఉద్యోగం వదిలేయండి. పొరపాటున కడితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఇక ఇంట్లో. ముందు మీవారితో ఒక్కరితోనే కూర్చోండి. పని గంటల్లో పాప ఎవరి దగ్గర ఉంటుంది? రాత్రి వంట ఎవరిది? మీరు అర్ధరాత్రి దాటాక పడుకుంటే పొద్దున్న పాపను తయారుచేసేది ఎవరు? 'చూద్దాంలే' అంటే ఒప్పుకోకండి. పేరు పెట్టి చెప్పమనండి. అత్తయ్యగారి ఓపిక ఎంతో కూడా నిజాయితీగా లెక్కలోకి తీసుకోండి. పెద్దావిడ మీద పనంతా పడేసి మీరు లాప్‌టాప్ ముందు కూర్చుంటే ఇద్దరికీ మనశ్శాంతి ఉండదు. వంటకు మనిషిని పెట్టుకుంటే ఆ ఖర్చు మీ జీతంలోంచి కాకుండా ఇంటి ఖర్చులోంచి పోవాలి. ఆమె చేసిపెట్టేది ఇంటిల్లిపాదికీ కదా. ఇవన్నీ తేల్చుకున్నాక, అత్తయ్యగారికి మీవారే చెప్పాలి: 'అమ్మా, ఈ గంటల్లో తను ఆఫీసులో ఉన్నట్టే.' ఆ మాట కొడుకు నోటి నుంచి వస్తే ఆవిడ నొచ్చుకోరు. మీరు చెబితే ఎదురుచెప్పినట్టు వినిపించే ప్రమాదం ఉంది.

డబ్బు గురించి కూడా మొహమాటపడకండి. జీతం మీ పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. లోన్‌కి ఎంత ఇస్తారో ఇద్దరూ కలిసి అనుకోండి. కొంత మీ దగ్గరే ఉండనివ్వండి, పీఎఫ్ లేనప్పుడు అది మరీ అవసరం.

అడిగితే పోతుందేమోనన్న భయం నాకు అర్థమవుతుంది. ఇంత విరామం తర్వాత వచ్చిన అవకాశం మరి. కానీ వాళ్లు మిమ్మల్ని పరీక్షించి, నచ్చే ఎంచుకున్నారు. వేళలు అడిగినందుకే వెనక్కి తగ్గే చోట, రేపు పాపకు జ్వరమొస్తే సెలవెలా అడుగుతారు? ఇలా మెయిల్ రాయండి: 'ఆఫర్‌కి ధన్యవాదాలు, చేరాలని ఆసక్తిగా ఉంది. పని గంటలు, కాంట్రాక్టు వివరాలు రాతపూర్వకంగా తెలియజేస్తే, శుక్రవారానికి బదులు సోమవారంలోగా ఖరారు చేస్తాను.'

నా అభిప్రాయం అడిగితే, పని రాత్రి 10, 10:30కి ముగిసేటట్టయితే కన్సల్టెంట్‌గానైనా చేరండి. మళ్లీ పనిలో పడటం, అనుభవం కొనసాగడం మీకు ఇప్పుడు చాలా విలువైనవి. రోజూ 2:30 దాకా అంటే మాత్రం 35 వేలకు ఒప్పుకోవద్దు. ఈ ఇంటర్వ్యూ నెగ్గినవారు ఇంకోటి నెగ్గగలరు, పగటి వేళల పని కోసం వెతకడం ఆపకండి.