సైట్ శుభ్రం చేయించినా నకిలీ 'క్రోమ్ అప్‌డేట్' మళ్ళీ ఎందుకు వస్తోంది?

మీరు అడిగింది ఇదీ: మీ షాపుకి వర్డ్‌ప్రెస్ సైట్ ఉంది, సీప్యానెల్ (సైట్ ఫైళ్ళు, డేటాబేస్ చూసుకునే పేజీ) ఉన్న షేర్డ్ హోస్టింగ్, అంటే ఒకే సర్వర్‌ని చాలామంది పంచుకునేది. 'మీ క్రోమ్ పాతబడింది, అప్‌డేట్ చేయండి' అని వస్తోందని కస్టమర్లు అంటున్నారు, మీకు మాత్రం కనబడదు. హోస్టింగ్ వాళ్ళు శుభ్రం చేశారు, నాలుగు రోజులకి మళ్ళీ మొదలు.

మీకు కనబడకపోవడంలో వింతేం లేదండి, ఆ కోడ్ రాసిందే అలా. లాగిన్ అయి ఉన్నవాళ్ళనీ, ఒకసారి వచ్చి వెళ్ళినవాళ్ళనీ సాధారణంగా వదిలేస్తుంది. ఫోన్లో వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద ఇన్‌కాగ్నిటో తెరిచి, అడ్రస్ కొట్టకుండా గూగుల్లో షాపు పేరు వెతికి లోపలికి వెళ్ళండి. కొన్ని రకాలు విండోస్ కంప్యూటర్లకే వస్తాయి, కాబట్టి అక్కడా చూడండి. వచ్చిందేదీ డౌన్‌లోడ్ చేయొద్దు, పేజీ సోర్స్ (పేజీ వెనకున్న కోడ్) చూస్తే చాలు. మీరు ఎప్పుడూ వినని డొమైన్ నుంచి ఒక స్క్రిప్ట్ లోడ్ అవుతుంటే అదే.

దొరికింది కదా అని వెంటనే చెరిపేయకండి. ఫైళ్ళు, డేటాబేస్, యాక్సెస్ లాగ్ (సైట్‌కి ఎవరు ఎప్పుడు వచ్చారో రాసి ఉండే ఫైల్) మూడూ ముందు దింపుకోండి. దొంగ ఫైల్ ఏ నిమిషంలో పుట్టిందో చూసి, లాగ్‌లో అదే నిమిషానికి వచ్చిన పోస్ట్ రిక్వెస్ట్ (సైట్‌కి ఏదో పంపినట్టు చూపే 'POST' వరుస) ఏ ప్లగిన్ (సైట్‌కి తగిలించుకునే అదనపు ప్రోగ్రామ్) ఫోల్డర్‌కి వెళ్ళిందో చూస్తే కన్నం అక్కడే ఉంటుంది. ఫైల్ 'మాడిఫైడ్' తేదీని నమ్మొద్దు, దాన్ని వెనక్కి జరపడం ఒక్క కమాండ్ పని. ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లో నేరుగా కమాండ్లు కొట్టే దారి) ఉంటే స్టాట్ (ఫైల్ తేదీలు చూపే) కమాండ్‌లో 'చేంజ్' అనే వరుస చూడండి, దాన్ని మార్చడం అంత తేలిక కాదు.

మళ్ళీ మళ్ళీ రావడానికి నేను ముందు అనుమానించేది పక్క ఫోల్డర్‌ని. ఒకే సీప్యానెల్ ఖాతాలో 'ఓల్డ్', 'టెస్ట్' అంటూ ఎప్పుడో పెట్టి మరిచిపోయిన వర్డ్‌ప్రెస్ ఉందేమో చూడండి. అన్నీ ఒకే యూజర్ కింద నడుస్తాయి కాబట్టి అందులో దూరినవాడికి మీ అసలు సైట్ ఫైళ్ళు రాసే హక్కు ఉన్నట్టే. దాన్ని అప్‌డేట్ చేయడం కాదు, తీసేయండి.

రెండో కారణం, పైపై శుభ్రం. ప్లగిన్ మీద కొత్త కాపీ పరిస్తే అదనంగా పడేసిన ఫైళ్ళు అలాగే మిగులుతాయి. ఫోల్డర్ మొత్తం చెరిపి కొత్తది పెట్టాలి. వర్డ్‌ప్రెస్ సొంత ఫోల్డర్లు డబ్ల్యూపీ-అడ్మిన్, డబ్ల్యూపీ-ఇన్‌క్లూడ్స్ కూడా అంతే. అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండాల్సింది ఫొటోలు, పీడీఎఫ్‌లు. అక్కడ పీహెచ్‌పీ ఫైల్ (సర్వర్ మీద నడిచే కోడ్) కనబడితే అనుమానించాల్సిందే. ఎంయూ-ప్లగిన్స్ (వాటంతట అవే నడిచే ప్లగిన్ల) ఫోల్డర్ తెరిచి చూడండి, అందులోవి మామూలు ప్లగిన్ల జాబితాలో కనబడవు. డబ్ల్యూపీ-కాన్ఫిగ్ (సైట్ సెట్టింగుల ఫైల్) మొదటి వరుసను కుడివైపు చివరిదాకా జరిపి చూడండి. వందల ఖాళీలు పెట్టి, తెర అంచు దాటాక కోడ్ దాచడం పాత ఎత్తు. తెలియని అడ్మిన్ యూజర్లు, క్రాన్ జాబ్‌లు (వేళకి వాటంతట అవే నడిచే పనులు) ఉన్నాయేమో కూడా చూడండి. డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లోని సాల్ట్‌లు (లాగిన్‌లను కాపాడే రహస్య అక్షరాల వరుసలు) మార్చేస్తే లాగిన్ అయి ఉన్న అందరూ ఒకేసారి బయటపడతారు.

ఇక కన్నం పూడ్చడం. 2020 సెప్టెంబర్లో ఫైల్ మేనేజర్ ప్లగిన్ లోపం ఇలాంటిదే. పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా ఫైల్ ఎక్కించగలిగేవారు, 6.9 వెర్షన్‌తో సరిచేశారు. కొందరు దొంగలు లోపలికి వెళ్ళాక, వేరే దొంగ రాకుండా, లోపం ఉన్న ప్లగిన్ ఫైల్‌కి తామే తాళం వేసుకున్నారు! 2014లో లోపం బయటపడ్డ స్లైడర్ రివల్యూషన్ ప్లగిన్ కథ వేరు. అది చాలామందికి థీమ్‌తో (సైట్ రూపాన్ని ఇచ్చే ప్యాకేజీ) పాటు వచ్చింది, తమ సైట్‌లో ఉన్నట్టే ఓనర్లకు తెలియదు, ఇక అప్‌డేట్ ఎవరు చేస్తారు? క్రాక్ చేసిన ప్రీమియం ప్లగిన్లదీ అదే గతి, లైసెన్స్ లేదు కాబట్టి అప్‌డేట్ రాదు. వర్డ్‌ప్రెస్ 5.5 నుంచి ప్లగిన్ల పేజీలోనే ఆటో-అప్‌డేట్ ఉంది, పెట్టేయండి.

కస్టమర్ల వైపు సంగతి. 2001లో నిమ్డా అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్) వచ్చినప్పుడు, ప్యాచ్ (లోపం సరిచేసే అప్‌డేట్) లేని ఐఐఎస్ (మైక్రోసాఫ్ట్ వెబ్ సర్వర్) సర్వర్ల పేజీలకు చిన్న స్క్రిప్ట్ తోక తగిలించేది. ప్యాచ్ లేని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో ఆ పేజీ చూస్తేనే చాలు, కంప్యూటర్ అంటుకునేది. ఇప్పుడు బ్రౌజర్లు వాటంతట అవే అప్‌డేట్ అవుతాయి, కాబట్టి మనిషి చేతనే నొక్కిస్తున్నారు. క్రోమ్ అప్‌డేట్ ఏ వెబ్ పేజీలోంచీ ఫైల్‌గా రాదు, కంప్యూటర్లో అయితే మెనూలో 'అబౌట్ గూగుల్ క్రోమ్' దగ్గర కనబడుతుంది. అదీ బ్రౌజర్ మూసి తెరిచేదాకా అమలు కాదు, వారాలపాటు ట్యాబులు మూయనివాళ్ళు ఇది గమనించాలి. విండోస్ 7 కంప్యూటర్లలో క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది.

ఎవరైనా ఆ ఫైల్ తెరిచి ఉంటే, లేదా విండోస్, ఆర్ బటన్లు కలిపి నొక్కి (కమాండ్ కొట్టే పెట్టె తెరుచుకుంటుంది) అందులో ఏదో పేస్ట్ చేయమంటే చేసి ఉంటే, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, కుకీలు పోయాయనే అనుకోవాలి. అది మీ షాపు కంప్యూటరే అయితే, సీప్యానెల్, డేటాబేస్, ఎఫ్‌టీపీ (సైట్‌కి ఫైళ్ళు ఎక్కించే దారి) పాస్‌వర్డ్‌లు మార్చేది దాని మీద కూర్చుని కాదు. ముందు దాన్ని ఫార్మాట్ చేయించండి, ఈలోగా వేరే కంప్యూటర్ నుంచి మార్చండి.