రేడియేషన్ మొదలుపెట్టే ముందు డోసు సరిగ్గా ఉందని ఎలా తేల్చుకుంటారు?

కంప్యూటర్ వేసిన లెక్క ప్రకారమే మెషీన్ డోసు ఇస్తుందని ఎవరూ ఊరికే నమ్మరు, కొలిచి చూస్తారు. ఐఎంఆర్‌టీ (కిరణాల తీవ్రతను చోటును బట్టి మార్చి ఇచ్చే పద్ధతి) లాంటి క్లిష్టమైన చికిత్సల్లో రోగి బల్ల ఎక్కకముందే, డోసు లెక్కలు చూసే నిపుణులైన మెడికల్ ఫిజిసిస్ట్ ఆ కంప్యూటర్ లెక్కను, అంటే రోగి చికిత్స ప్లాన్‌ను, ఫాంటమ్ మీద నడిపిస్తారు. శరీరానికి బదులు పెట్టే ప్లాస్టిక్ దిమ్మ అది. అందులోని చిన్న చిన్న డిటెక్టర్లు కొలిచిన డోసును ప్లాన్‌తో బిందువు బిందువుగా పోలుస్తారు. ఇదే గామా పరీక్ష. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2018లో చేసిన సూచన ప్రకారం డోసులో 3 శాతం, దూరంలో 2 మిల్లీమీటర్ల తేడాను ప్రమాణంగా పెట్టుకుంటే, కనీసం 95 శాతం బిందువులు పాస్ కావాలి. కాకపోతే కారణం వెతుకుతారు, అవసరమైతే ప్లాన్ మళ్లీ వేస్తారు. మెషీన్ అవుట్‌పుట్‌ను, అంటే అది ఇచ్చే రేడియేషన్ మోతాదును, రోజూ ఉదయం చూడటం వేరే పని. చికిత్స మొదలవడానికి కొన్ని రోజులు పడుతుందంటే టెన్షన్ పడకండి, ఈ పరీక్షలకూ సమయం కావాలి. మీ ప్లాన్‌కు ఈ పరీక్ష చేశారా అని మొహమాటపడకుండా అడగండి.